కుటుంబానికి జెట్ బోటు: ముందు దింపే చోటు చూడండి

ప్రశ్న: మాది విశాఖ ఎంవీపీ కాలనీ. నేను, నా భార్య, పదేళ్ల బాబు, ఏడేళ్ల పాప, అమ్మానాన్నలు, మొత్తం ఆరుగురం. పోయిన ఏడాది ఫ్లోరిడాలో మా బావమరిది దగ్గరికి వెళ్లినప్పుడు వాళ్ల జెట్ బోటులో తిరిగాం. స్టీరింగ్ మధ్యలో ఉంటుంది, చుట్టూ నడవడానికి ఖాళీ ఉంటుంది. ‘ప్రొపెల్లర్ లేదు కాబట్టి పిల్లలకు భయం లేదు’ అని వాడు చెప్పిన మాట నాకు పట్టుకుంది. ఆదివారాలు రుషికొండ, భీమిలి వైపు తిరగాలి, పిల్లల్ని ట్యూబు మీద కూర్చోబెట్టి లాగాలి, నాన్నగారికి చేపల సరదా, సంక్రాంతికి దిండి వైపు తీసుకెళ్లాలని ఒక ఆశ. అన్నిటికీ ఒకే బోటు కావాలి. ఒకే ఇంజనున్న 19 అడుగులది సరిపోతుందా, రెండు ఇంజన్ల 21 అడుగులది తీసుకోవాలా? లేక వెనక బయట మోటారు వేలాడే మామూలు ఔట్‌బోర్డ్ బోటే నయమా? ఈ వేసవికల్లా నీళ్లలో దింపేయాలని ఉంది.
– కె.ఆర్., విశాఖపట్నం

సమాధానం: అమ్మానాన్నల్ని కూడా లెక్కలో వేసుకుని అడిగారు, చాలా సంతోషం. బోటు కొందామనుకునేవాళ్లు ఎక్కువమంది హార్స్ పవర్ అడుగుతారు, స్పీడ్ అడుగుతారు. అరవై ఐదేళ్ల అమ్మ మోకాళ్ల నొప్పులతో దాంట్లోకి ఎలా ఎక్కుతుంది, ఎలా దిగుతుంది అని అడిగేవాళ్లు తక్కువ.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీరు చెప్పిన వాడకానికి జెట్ సెంటర్ కన్సోల్, అంటే స్టీరింగ్ మధ్యలో ఉండే జెట్ బోటు, పనికొస్తుంది, కానీ రుషికొండ ఇసుక మీద నుంచి దాన్ని దింపే ఆలోచన ఉంటే మానుకోండి. లోతున్న నీటిలో, ర్యాంపు మీద నుంచో జెట్టీ పక్క నుంచో దింపే వీలు దొరికితే, రెండు ఇంజన్ల 21 అడుగులది తీసుకోండి. 19 అడుగుల ఒంటి ఇంజను జెట్ మన సముద్రానికి, ఆరుగురికి వద్దు. దింపే చోటు కుదరకపోయినా, నాన్నగారి చేపల సరదాయే ముఖ్యమైనా, ఔట్‌బోర్డ్ వైపు వెళ్లండి. కారణాలు ఒక్కొక్కటే చెబుతాను.

మీ బావమరిది మాటతో మొదలుపెడదాం. జెట్ బోటుకి బయట తిరిగే రెక్క ఉండదన్నది నిజమే. బోటు అడుగున కడ్డీల జాలీ ఒకటి ఉంటుంది. దాని వెనక గొట్టంలో ఇంపెల్లర్ అనే రెక్కల చక్రం తిరుగుతుంది. అది నీటిని అడుగు నుంచి లాక్కుని వెనక నాజిల్‌లోంచి బలంగా చిమ్ముతుంది, ఆ తోపుతో బోటు ముందుకు పోతుంది. ఈ పద్ధతిని 1950ల్లో న్యూజిలాండ్‌లో విలియం హామిల్టన్ అనే ఆయన, రాళ్లతో నిండిన లోతు తక్కువ నదుల కోసం పక్కాగా తయారుచేశాడు. పుట్టింది నదుల కోసం అన్న సంగతి గుర్తుంచుకోండి, మన కథలో అది మళ్లీ మళ్లీ వస్తుంది.

రెక్క లేదు కాబట్టి పిల్లలు బోటు వెనక ఈదుతున్నప్పుడు కాలు తెగుతుందన్న భయం చాలావరకు పోతుంది. ఇది చిన్న లాభం కాదు, పిల్లలున్న ఇంటికి జెట్ వైపు మొగ్గడానికి ఇదొక్కటే చాలు. అయితే ‘భయం లేదు’ అనడం మాత్రం తప్పు. అడుగున నీటిని లాగే జాలీ, ఇంజను నడుస్తున్నంతసేపూ ఏదైనా లాగుతుంది. పొడుగాటి జడ, చున్నీ, చీర కొంగు, లైఫ్ జాకెట్ కి వేలాడే పట్టీ, ట్యూబు లాగే తాడు, అన్నీ. ఇంకో ప్రమాదం నాజిల్ వైపు. వెనక అంచున కూర్చున్న మనిషి జారి, బోటు కదులుతున్నప్పుడు ఆ నీటి ధార ముందు పడితే, ఆ ధార శరీర రంధ్రాల్లోంచి లోపలికి దూరి తీవ్రమైన గాయాలు చేస్తుంది. జెట్‌స్కీ కంపెనీలు మందపాటి వెట్‌సూట్ ప్యాంటు వేసుకోమని తమ పుస్తకాల్లో రాసేది అందుకే. మీ ఇంట్లో ఆడవాళ్లకు, పాపకు ఈ మాట మొహమాటపడకుండా చెప్పండి. ఎవరైనా వెనక మెట్టు మీదకి వెళ్లాలన్నా, నీళ్లలోకి దిగాలన్నా ముందు ఇంజను ఆగాలి. న్యూట్రల్‌లో పెడితే చాలదు, చాలా జెట్ బోట్లలో న్యూట్రల్ అంటే ఇంపెల్లర్ తిరుగుతూనే ఉంటుంది. డ్రైవర్ చేతికో నడుముకో తగిలించుకునే ఆపుడు తాడు ఊడదీసి జేబులో వేసుకున్నాకే జనం లేవాలి.

తిప్పడం కూడా ప్రొపెల్లర్ బోటులా ఉండదు. జెట్ బోటు చుక్కాని వల్ల తిరగదు, వెనక చిమ్మే నీటిని పక్కకి మళ్లించడం వల్ల తిరుగుతుంది. అంటే నీరు చిమ్మకపోతే తిరగదు. ఎదురుగా తెప్పో, వల బుయ్యో కనబడగానే ఎవరైనా ముందు చేసే పని గ్యాస్ (యాక్సిలరేటర్) వదిలేయడం. జెట్‌లో అలా చేస్తే స్టీరింగ్ ఎంత తిప్పినా బోటు తిన్నగా దాని మీదకే పోతుంది. గ్యాస్ కొంచెం ఉంచి తిప్పాలి. ఈ అలవాటు తలకి ఎక్కాలి, చేతికీ ఎక్కాలి. యమహా లాంటి కంపెనీలు నిదానంగా పోయేటప్పుడు పట్టు చిక్కడం కోసం నాజిల్ కింద కదిలే చిన్న పలక (కీల్) పెట్టాయి. దానితో జెట్టీకి చేర్చడం కొంత తేలికైంది. అయినా ఔట్‌బోర్డ్ అంత నమ్మకంగా నిదానపు నడక ఉండదు. గాలి పక్క నుంచి కొడితే ముక్కు ఊగుతూనే ఉంటుంది.

ఇక మన నీళ్ల సంగతికి వస్తాను. అసలు ప్రశ్న ఇక్కడ ఉంది.

ఫ్లోరిడాలో మీ బావమరిది ఇంటి దగ్గర్లో ర్యాంపు ఉంటుంది. కారుతో ట్రెయిలర్‌ని వెనక్కి తోసి, బోటు తేలగానే వదిలేస్తాడు. సముద్రంలోకి వెళ్లేముందు పొడవాటి ప్రశాంతమైన బ్యాక్‌వాటర్ ఉంటుంది. విశాఖలో అలాంటి ఏర్పాటు దాదాపు లేదు. మన తీరం ఒడ్డు దాటగానే లోతు. అల ఒడ్డుదాకా బలంగా వచ్చి విరుగుతుంది. జాలరిపేట, మంగమారిపేట మత్స్యకారులు ఫైబర్ తెప్పల్ని ఇసుక మీద నుంచి అల మీదకి ఎలా తోస్తారో ఒకసారి పొద్దున్నే వెళ్లి నిలబడి చూడండి. అల విరగడం, రెండు అలల మధ్య సందు దొరకడం, అప్పుడు అందరూ ఒక్క ఊపున తోయడం, మోటారు కాలు ఎత్తి ఉంచి లోతుకి చేరాక దించడం. తరాల అనుభవం అది, వాళ్ల పడవ ఆకారం కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. టన్నున్నర బరువున్న మీ బోటుని అలా తోయలేరు. తోసినా అల దాన్ని అడ్డం తిప్పేస్తుంది.

దానికి తోడు జెట్‌కి ఇసుక పడదు. అల విరిగే చోట నీళ్లలో సగం ఇసుకే. కనీసం మూడు అడుగుల నీరు అడుగున లేకుండా జెట్ స్టార్ట్ చేయకూడదు. చేస్తే అడుగు నుంచి ఇసుక, గుల్లలు, రాళ్లు లాక్కుంటుంది. ఇంపెల్లర్ రెక్కల అంచుకీ, దాని చుట్టూ ఉండే వేర్ రింగుకీ మధ్య సందు చాలా సన్నంగా ఉంటుంది. ఇసుక దాన్ని అరగదీస్తే ఇంజను అరుస్తుంది గానీ బోటు పరుగెత్తదు, పెట్రోలు మాత్రం అంతే తాగుతుంది. లోతు తక్కువ నీటిలో జెట్ భేషుగ్గా పోతుందన్న మాట నిజమే, కాని అది ఇప్పటికే పరుగు మీద ఉన్న బోటు సంగతి. ఆగి ఉన్నచోట నుంచి లేచేటప్పుడు కాదు.

అంచేత డీలర్‌కి అడ్వాన్స్ ఇచ్చే ముందు, బోటు ఎక్కడ దింపుతారు, ఎక్కడ కడతారు అన్నది కాగితం మీద తేల్చుకోండి. ఫిషింగ్ హార్బర్ మత్స్యకారుల బతుకుతెరువు. అక్కడ విహార బోటుకి జాగా, ర్యాంపు వాడకం సాధ్యమా కాదా అన్నది విశాఖపట్నం పోర్టు అథారిటీ నుంచి రాతపూర్వకంగా రావాలి. ‘మనవాడున్నాడు, చూసుకుంటాడు’ అన్న మాట మీద అంత డబ్బు పెట్టొద్దు. 2023 నవంబర్‌లో ఆ హార్బర్‌లోనే రాత్రి నిప్పంటుకుని ఒకదాని నుంచి ఒకదానికి పాకి పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయాయి. పక్కపక్కనే కట్టి ఉంచే చోట మీ బోటు ఉంచదలిస్తే బీమాలో అగ్నిప్రమాదం స్పష్టంగా రాయించండి. నా మాట వింటే బోటుని ట్రెయిలర్ మీద ఇంటికి తెచ్చుకోవడమే మేలు. ఉప్పు నీళ్లలో నెలల తరబడి వదిలేస్తే అడుగున గుల్లలు పడతాయి, పంపు లోపల కూడా పడతాయి. బోటు, ట్రెయిలర్, ఇంధనం కలిపితే దాదాపు రెండు టన్నులు అవుతుంది. దాన్ని లాగే సత్తా మీ కారుకి ఉందా, ఇంటి గేటులోంచి మలుపు తిరుగుతుందా, ఇవి ఇప్పుడే టేపు పెట్టి కొలవండి. ఈ బోట్ల వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు ఉంటుంది, అంటే మన రోడ్డు నిబంధనలు ఒప్పుకునే 2.6 మీటర్లకి ఇంచుమించు సరిగ్గా సరి. ట్రెయిలర్‌కి విడిగా ఆర్టీవో రిజిస్ట్రేషన్ ఉంటుంది.

ఒంటి ఇంజను ఎందుకు వద్దన్నానో ఇప్పుడు చెబుతాను. వాన పడ్డాక గెడ్డలన్నీ బీచ్‌లోకి ఏం మోసుకొస్తాయో మీకు తెలియంది కాదు. ప్లాస్టిక్ సంచులు, గోనె పీలికలు, కొబ్బరి మట్టలు. పైన తేలుతూ కనబడని తెగిపోయిన నైలాన్ వలముక్కలు. ఇవి జాలీకి అడ్డం పడతాయి, లేదా లోపలికి పోయి ఇంపెల్లర్ షాఫ్టుకి చుట్టుకుంటాయి. అప్పుడు ఇంజను ఒక్కసారి గొంతెత్తి అరుస్తుంది, బోటు మాత్రం చచ్చుబడుతుంది. యమహా జెట్ బోట్లలో దీనికో మంచి ఏర్పాటు ఉంది. వెనక సీటు దగ్గర మూత తీస్తే పంపు సొరంగంలోకి చెయ్యి పెట్టే దారి ఉంటుంది. ఇంజను ఆపి, తాళం తీసి, జనాన్ని ముందు వైపు కూర్చోబెట్టి, మోచేయిదాకా చెయ్యి పెట్టి తడుముతూ లాగాలి. సంచి అయితే రెండు నిమిషాల్లో వస్తుంది. నైలాన్ వల అయితే దారం దారంగా కోయాలి, కత్తి ఉండాలి. ఆ పనంతా అయ్యేదాకా ఒంటి ఇంజను బోటు గాలికి కొట్టుకుపోతూ ఉంటుంది. కొట్టుకుపోయేది ఎటు? రుషికొండ, తెన్నేటి పార్కు దగ్గరి రాళ్ల వైపు. రెండు ఇంజన్లుంటే ఒకటి ఆగినా రెండోదానితో మెల్లగా లోతు నీటికి పోయి అప్పుడు శుభ్రం చేసుకోవచ్చు. పిల్లలు, పెద్దవాళ్లు ఎక్కే బోటుకి ఇది విలాసం కాదు.

యమహా సెంటర్ కన్సోల్ జెట్ బోట్ల వరస ఎఫ్‌ఎస్‌హెచ్‌లో ఈ తేడా బాగా తెలుస్తుంది. 190 మోడల్‌లో 1.8 లీటర్ల ఇంజను ఒకటే ఉంటుంది, 210లో టీఆర్-1 అనే చిన్న ఇంజన్లు రెండు, 222లో 1.8 లీటర్లవే రెండు. మీకు 210 స్థాయి సరిపోతుంది. ఇంకో సంగతి. అమెరికా నిబంధనల ప్రకారం 20 అడుగుల లోపు బోటుకి ఎంతమంది ఎక్కవచ్చో చెప్పే ప్లేటు తప్పనిసరి, నీళ్లు నిండినా పూర్తిగా మునిగిపోకుండా ఫోమ్ ఉండడం కూడా తప్పనిసరి. 20 అడుగులు దాటిన వాటికి ఆ నిర్బంధం లేదు. కాబట్టి 21 అడుగుల బోటు చూసేటప్పుడు ఫోమ్ ఎంత నింపారు, డెక్ మీద పడిన నీరు తనంతట తానే బయటికి పోతుందా, అని ప్రత్యేకంగా అడగండి. ప్లేటు మీద ఉన్న మనుషుల సంఖ్య ప్రశాంతమైన నీటికి వేసిన లెక్క. మన సముద్రంలో దాంట్లో ఒకరిద్దర్ని తగ్గించుకోండి.

సెంటర్ కన్సోల్ అమరిక మీ ఇంటికి నప్పుతుందా? కొంత నప్పుతుంది, కొంత లేదు. చుట్టూ తిరగొచ్చు, చేప ఎటు లాగితే అటు నాన్నగారు నడవొచ్చు, డెక్ కడగడం తేలిక. కాని ఎండ. విశాఖ ఎండలో తొమ్మిది దాటితే నీడ లేని బోటు పెనం అవుతుంది. పైన గట్టి కప్పు (టీ-టాప్) లేకుండా ఈ బోటు కొనొద్దు. ‘తర్వాత పెట్టించుకుందాం’ అంటే ఫ్యాక్టరీలో వచ్చినంత గట్టిగా ఇక్కడ పెట్టించడం కష్టం. రెండోది మరుగు. ఆడవాళ్లు, పెద్దవాళ్లు బోటు విహారం వద్దనడానికి చాలాసార్లు అసలు కారణం ఇదే, పైకి చెప్పరు. కన్సోల్ లోపల చిన్న గదిలా తలుపున్న జాగా ఉంటుంది. అందులో పోర్టబుల్ టాయిలెట్ పెట్టించండి. కొనేముందు మీ అమ్మగారిని, మీ శ్రీమతిని అందులోకి వెళ్లి కూర్చుని లేవమనండి. తల తగులుతుందా, మోకాళ్లు మడుస్తాయా, తలుపు లోపల నుంచి వేసుకోవచ్చా అన్నది షోరూమ్‌లోనే తేలిపోవాలి.

జెట్‌కి ఉన్న అసలైన గొప్ప వెనక భాగంలో ఉంది. ఔట్‌బోర్డ్ బోటుకి వెనక మోటారు వేలాడుతుంది కాబట్టి అక్కడ జాగా ఉండదు. జెట్‌లో ఇంజను డెక్ కింద దాగి ఉంటుంది, దాంతో వెనక అంతా నీటికి జానెడు ఎత్తులో వెడల్పాటి అరుగు. ఇంజను ఆపి లంగరు వేసి, మీ అమ్మగారు ఆ అరుగు మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టుకోవచ్చు. పిల్లలు నీళ్లలోంచి మెట్ల నిచ్చెన పట్టుకుని సులువుగా ఎక్కేస్తారు. మునిగిపోతున్న మనిషిని పైకి లాగాలన్నా అక్కడి నుంచే తేలిక. కుటుంబానికి జెట్ ఎందుకు అని ఎవరైనా అడిగితే నేను చూపించేది ఆ అరుగునే.

అయితే ఇంజను డెక్ కింద దాగి ఉందంటే పెట్రోలు ఆవిరి కూడా అక్కడే పోగుపడుతుందని అర్థం. అది గాలి కంటే బరువు, అడుగున కూర్చుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. ఇలాంటి బోట్లలో స్టార్ట్ చేసే ముందు నాలుగు నిమిషాలు ఆ ఆవిరిని బయటికి తోసే బ్లోయర్ ఫ్యాన్ నడపమని స్టీరింగ్ దగ్గరే హెచ్చరిక అంటించి ఉంటుంది. పెట్రోలు పోయించుకున్నాక అయితే అందరినీ దింపి మరీ నడపండి, మూత ఎత్తి ముక్కుతో వాసన చూడండి. ఔట్‌బోర్డ్ మోటారు బయట గాల్లో ఉంటుంది కాబట్టి దానికి ఈ బెంగ తక్కువ.

పెట్రోలు మాట వచ్చింది కాబట్టి, అమెరికాలో మీ బావమరిదికి లేని సమస్య ఒకటి మీకుంది. మన బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. చాలా మెరైన్ ఇంజన్ల పుస్తకాల్లో రాసి ఉండే గరిష్ఠ పరిమితి 10 శాతం. పైగా ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సముద్రం పక్కన, సగం నిండిన ట్యాంకుతో బోటు నెలల తరబడి నిలబడితే నీరు, ఇథనాల్ కలిసి అడుగున విడిపోయి, ఆ నీరే ఇంజనులోకి పోతుంది. రోజూ నడిచే కారుకి ఈ ఇబ్బంది అంతగా తెలియదు, నెలకి రెండుసార్లు కదిలే బోటుకి తెలుస్తుంది. ఏ ఇంధనం పోయాలి, ఇ-20 వాడితే వారంటీ ఉంటుందా ఉండదా అన్నది అమ్మేవాళ్ల దగ్గర రాయించుకోండి. నోటిమాట ఒప్పుకోవద్దు. నీటిని వేరు చేసే ఫిల్టర్ తప్పనిసరిగా వేయించండి, దాని గిన్నెలో నీళ్లు చేరాయేమో ప్రతిసారీ చూడండి. ఔట్‌బోర్డ్ కొన్నా ఈ ప్రశ్న అడగాల్సిందే.

జెట్ ఇంజన్లు నిమిషానికి ఏడువేల చుట్ల పైన తిరుగుతాయి. దాంతో చప్పుడు ఎక్కువ, తాగుడూ ఎక్కువ. అదే వేగానికి ప్రొపెల్లర్ కంటే జెట్‌కి పెట్రోలు ఎక్కువే పోస్తారు, నిదానంగా పోతే తేడా ఇంకా పెరుగుతుంది. నాన్నగారి చేపల సంగతి ఇక్కడ వస్తుంది. గాలం వెనక వదిలి నిదానంగా ఈడ్చుకుంటూ వంజరం కోసం గంటల తరబడి తిరగడం జెట్‌కి ఇష్టమైన పని కాదు. తిన్నగా పోదు, చప్పుడు చేస్తుంది, బోటు వెనక్కి జరిగితే దారం జాలీలోకి పోతుంది. లంగరు వేసుకునో, ఇంజను ఆపి నీటివాలుకి వదిలేసో గాలం వేసుకునే సరదా అయితే ఇబ్బంది లేదు. ఆయనకి ఏది ఇష్టమో అడిగి తెలుసుకోండి. మొదటిదే అయితే 150 నుంచి 200 హార్స్ పవర్ ఔట్‌బోర్డ్ ఉన్న సెంటర్ కన్సోల్ చూడండి. మోటారు కాలు పైకెత్తి ఉప్పునీటి నుంచి తప్పించవచ్చు, చుట్టుకున్న వలముక్క కంటికి కనబడుతుంది, హార్బర్ చుట్టుపక్కల దాని పని తెలిసిన మెకానిక్ దొరకడమూ తేలికే. జెట్ పంపు విప్పి బిగించగలవాడు కావాలంటే జెట్‌స్కీలు నడిపేవాళ్ల దగ్గర వాకబు చేయాలి. వేర్ రింగు, ఇంపెల్లర్, తుప్పుని తమ మీదకి తీసుకునే లోహపు ముక్కలు (ఆనోడ్‌లు) ఒక జత అదనంగా బోటుతోపాటే తెప్పించుకోండి, తర్వాత వాటి కోసం వారాలు ఎదురుచూడక్కర్లేదు.

దిండి ఆశకి మాత్రం నేను అడ్డుపడాల్సి వస్తోంది. లోతు తక్కువ గోదావరి పాయల్లో జెట్ బాగా పోతుందని మీరు అనుకుని ఉంటారు. గుర్రపుడెక్క లేకపోతే నిజమే. ఆ వేళ్లు జాలీకి ఒకసారి పట్టాయంటే జెట్ ఊపిరాడక ఆగిపోతుంది. కాలువల్లోకి, ఒడ్డు వారకి అసలు తీసుకెళ్లకండి. పైగా సంక్రాంతికి రెండు టన్నుల ట్రెయిలర్‌తో హైవే మీద ప్రయాణం. దిండిలో అక్కడి బోటే ఎక్కండి, హాయిగా ఉంటుంది.

కడగడం గురించి రెండు మాటలు. ఈ యమహా ఇంజన్లలో సముద్రపు నీరే లోపల తిరుగుతూ చల్లబరుస్తుంది. ఇంటికి రాగానే మంచినీటి పైపు తగిలించి కడగకపోతే ఉప్పు లోపల గడ్డకడుతుంది. ముందు ఇంజను స్టార్ట్ చేసి తర్వాత కుళాయి తిప్పాలి, ఆపేటప్పుడు ముందు కుళాయి కట్టి తర్వాత ఇంజను ఆపాలి. వరస తప్పితే ఇంజనులోకి నీళ్లు ఎక్కుతాయి. ఇంటి పనివాళ్లకి అప్పగించకుండా ఈ పని మీరే చేయండి.

పన్నులు, కాగితాలు. విహార బోట్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం. దిగుమతి అయితే కస్టమ్స్ సుంకం, రవాణా దీనికి అదనం. అమెరికా వెబ్‌సైట్‌లో చూసిన ధరతో లెక్క వేసుకోకండి, విశాఖలో మీ గేటు ముందుకి చేరే ధర అడగండి. రిజిస్ట్రేషన్ విషయంలో నదులకు, బ్యాక్‌వాటర్లకు 2021 నాటి ఇన్లాండ్ వెసెల్స్ చట్టం వర్తిస్తుంది, సముద్రంలోకి పోతే నౌకాయాన చట్టాలు వస్తాయి. ఆంధ్రప్రదేశ్ మారిటైమ్ బోర్డుకి, విశాఖలోని మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్‌కి స్వయంగా వెళ్లి, మీ బోటు పొడవు, ఇంజను, ఎక్కడెక్కడ తిరుగుతారు అన్నది చెప్పి ఏమేం కావాలో రాసుకుని రండి. ఇది తూర్పు నౌకాదళం ఉన్న ఊరు. డాల్ఫిన్స్ నోస్ వైపు, హార్బర్ ముఖద్వారం, పెద్ద ఓడల దారి సరదాకి తిరిగే చోట్లు కావు. అందరి గుర్తింపు కార్డులు తడవని సంచిలో బోటులోనే ఉంచండి, కోస్ట్‌గార్డ్ గానీ మెరైన్ పోలీసులు గానీ ఆపితే చూపించాలి.

మత్స్యకారుల విషయంలో నాదో విన్నపం. తెల్లవారుజామున ఒడ్డు నుంచి అలివి వలలు వేసి లాగుతుంటారు. ఆ తాళ్లు ఒడ్డు నుంచి చాలా దూరం పోతాయి, నీటి మీద బుయ్యలు తప్ప ఏమీ కనబడవు. వల తెగితే వాళ్ల కష్టం నీళ్లపాలు, మీ ఇంపెల్లర్ కూడా పాడవుతుంది. వలకీ ఒడ్డుకీ మధ్యలోంచి ఎప్పుడూ పోవద్దు. మీరు తిరగబోయే ఊళ్ల వాళ్లతో ముందే పరిచయం చేసుకోండి. నీటి పోటు ఎప్పుడు, ఏ రాయి ఎక్కడ ఉంది, భీమిలిలో గోస్తనీ కలిసే చోట ఇసుకతిప్ప ఈ ఏడు ఎటు జరిగింది అన్నది వాళ్లకి తెలిసినట్టు ఏ మ్యాపుకీ తెలియదు. ఆ సంగమం దగ్గర అల వెనక నుంచి తోస్తుంటే గ్యాస్ వదిలిన జెట్ అడ్డం తిరిగిపోతుంది. కుటుంబంతో అటు పోవద్దు.

లైఫ్ జాకెట్లు మనిషి మనిషికీ బరువుని బట్టి కొనాలి. పెద్దవాళ్ల జాకెట్ పాపకి తొడిగితే నీళ్లలో పడగానే తల మీదుగా ఊడిపోతుంది. సీటు కింద దాచకుండా ఎక్కే ముందే తొడగాలి. కచ్చులూరు బోటు ప్రమాదం తర్వాత మన రాష్ట్రంలో ఈ మాట ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. బోట్లు, ఓడలు మాట్లాడుకునే వీహెచ్ఎఫ్ రేడియో లైసెన్సుతో పెట్టించుకోండి, ఆపదలో చానల్ 16. ఫోన్‌లో కోస్ట్‌గార్డ్ 1554 దాచుకోండి. బయల్దేరే ముందురోజు రాత్రి హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల సూచన చూడండి. ఆకాశం నిర్మలంగా ఉన్నా, ఎక్కడో దక్షిణాన పుట్టిన పెద్ద అలలు మన ఒడ్డుకి వచ్చి కొట్టే రోజులుంటాయి.

చివరిగా, ఈ వేసవికల్లా దింపాలన్నారు. వద్దు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నమయ్యేసరికి దక్షిణపు గాలి లేచి నీళ్లు గరుకెక్కుతాయి. జూన్ నుంచి రుతుపవనాల అలలు, అక్టోబర్ నుంచి తుపాన్ల కాలం. హుద్‌హుద్ వచ్చింది అక్టోబర్ 12నే. మేలో కొంటే మీరు నేర్చుకోకుండానే బోటు షెడ్డులోకి పోతుంది, ట్యాంకులో ఇథనాల్ పెట్రోలు తేమ పీలుస్తూ ఉంటుంది. ఈ నెలల్లో దింపే చోటు, కాగితాలు, ట్రెయిలర్ తేల్చుకోండి. పిల్లలకి ఈత రాకపోతే నేర్పించండి, మీ శ్రీమతికి కూడా బోటు నడపడం వచ్చేలా చూడండి, నడిపేవాడే నీళ్లలో పడితే ఒడ్డుకి తెచ్చేవాళ్లు కావాలి. డెలివరీ జనవరి మొదట్లో పెట్టించుకోండి. ఆ నెల, ఫిబ్రవరి ఉదయాలు మనకి అన్నిటికంటే నెమ్మదైన నీళ్లు. మొదటి కొన్ని వారాలు పిల్లలు లేకుండా, అనుభవమున్న సరంగునొకరిని జీతమిచ్చి పక్కన పెట్టుకుని, ఆరింటికి వెళ్లి పదింటిలోపు వచ్చేయండి. ఖాళీ బోటుతో జెట్టీకి చేర్చడం, గ్యాస్ ఉంచి తిప్పడం, చెత్త పట్టిన పంపుని శుభ్రం చేయడం మీ చేతికి వచ్చాక, అమ్మానాన్నల్ని ఎక్కించుకోండి.